నేను చెరిపిన గీత

మొన్న సాయంత్రం వీధి చివర నూడుల్స్ బండి ముందు నిలబడ్డాను. బండివాడు వేడి పెనం మీద వెనిగర్ చల్లగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి నా అరచేతులు చల్లబడ్డాయి. ప్లేటు అందుకోకుండానే వెనక్కి తిరిగాను. ముప్ఫై ఏళ్లు దాటినా ఇంతే. షేక్‌పేటలో యాదగిరి సార్ డార్క్‌రూములో, ఫోటో కాగితాలు ముంచే తొట్టెల దగ్గర అచ్చం ఇదే వాసన. ఆ గదిలో నేర్చుకున్న పనికి కాలం ఎప్పుడో చెల్లిపోయింది. అక్కడ పట్టుకున్న భయం మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది.

యాదగిరి సార్ ఫోటోలు తీసేది మనుషులకు కాదు, ఇళ్లకు. ఎనభైల చివర్లో జూబ్లీహిల్స్ బండలు పగలగొట్టి ఒకదాని వెంట ఒకటి ఇళ్లు లేపుతుంటే, ఇంజనీర్లు ఆయనతో నలుపు తెలుపు ఫోటోలు తీయించుకునేవారు. రంగుల ఫోటోలు వచ్చేశాయి కదా సార్ అంటే, "రంగుల్ల తీస్తే గోడ పెండ్లిపిల్ల లెక్క కనవడ్తది బిడ్డా. దానికేం రోగముందో ఎట్ల తెలుస్తది?" అనేవారు. ఎండ ఏటవాలుగా పడేవరకు స్టాండు పక్కన గంటలకొద్దీ నిలబడేవారు. కెమెరా తీయకముందు మునివేళ్లతో గోడంతా తడిమి చూసేవారు. ఎత్తైన చోట నిలబడాలంటే మాత్రం మహా భయం. ఒకసారి బోరబండ గుట్ట మీద నుంచి ఊరి ఫోటో తీయాల్సి వచ్చి, వెనక నుంచి తన చొక్కా గట్టిగా పట్టుకోమన్నారు. నేను నవ్వాపుకోలేక చచ్చాను. "నవ్వుకో. నాకు భయమైతది, గంతే," అన్నారు ఏమాత్రం సిగ్గుపడకుండా.

నేను ఆయన దగ్గర చేరేనాటికి పెళ్లయి రెండేళ్లు. గుడివాడ నుంచి వచ్చాం. మా ఆయన ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసులో పనిచేసేవారు. అంతకుముందు నేనొక స్టూడియోలో హీరోయిన్ల స్టిల్స్‌కు టచింగ్ చేసేదాన్ని. మొహం మీది ముడత నెగెటివ్‌లో సన్నటి తెల్లగీతలా కనిపిస్తుంది. దాన్ని పెన్సిల్ మొనతో నింపేస్తే ఫోటోలో ముడత మాయం. నలభై దాటినావిడను పాతికేళ్ల పిల్లను చేయగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. సార్ మొదటిరోజే చెప్పారు, "గీడ ముఖాలు లేవు. దుమ్ము చుక్కలుంటే తియ్యి. గోడకున్నది గోడకు ఉండనియ్యి." తలూపానే గాని చెవికెక్కించుకోలేదు.

మా ఆయన పనిచేసే నిర్మాతే జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పెద్ద బండ అంచున, పల్లం మీదికి చాచినట్టు ఒక బాల్కనీ. దాని కింద ఒక్క స్తంభం లేదు. చూసినవాళ్లందరూ ఆహా ఓహో అన్నారు. ఇంజనీరు మద్రాసులో ఉండేవాడు. సెంట్రింగ్ కర్రలు తీసేశాక బాల్కనీ ఫోటోలు పంపమనీ, తను చూసి సరేనన్నాకే పైకి మనుషులను ఎక్కించాలనీ సార్‌కు కబురు పెట్టాడు. సార్ బాల్కనీ ఎక్కకుండా దూరం నుంచే పొద్దుటి ఎండలో ఫోటోలు తీసి, ఫిల్ము కడిగి ఆరేశారు. ఇంతలో సిద్దిపేటలో అన్నగారు పోయారని తెలిసి, ప్రింట్లు వేసి మద్రాసు పంపే పని నాకప్పగించి వెళ్లిపోయారు.

నెగెటివ్‌ను వెలుతురుకు పెట్టి చూశాను. బాల్కనీ గోడలో కలిసేచోట, పైనుంచి కిందికి వెంట్రుకంత గీత ఉంది. ఆరేసేటప్పుడు ఫిల్ము ఎక్కడో గీసుకుపోయిందనుకున్నాను. సార్ పనికి మచ్చ రాకూడదని గంటసేపు ఊపిరి బిగబట్టి పెన్సిల్‌తో దిద్దాను. ఫోటో అద్దంలా వచ్చింది. మురిసిపోతూ మద్రాసు పంపాను. ఇంజనీరు దాన్ని చూసి, బాల్కనీ దివ్యంగా ఉంది, గృహప్రవేశం చేసుకోండి అన్నాడని మా ఆయనే వచ్చి చెప్పారు.

పెద్దకర్మ ముగించుకుని సార్ తిరిగొచ్చింది సరిగ్గా ఆ గృహప్రవేశం నాడు పొద్దున. రాగానే నెగెటివ్ తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నారు. పెన్సిల్ తగిలిన చోట సన్నగా మెరిసింది.

"గిదేంది బిడ్డా?"

"గీత పడింది సార్. దిద్దేశాను."

ఆయన దూదితో ఆ చోటు తుడిచి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తలెత్తేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఫిల్ము గీసుకపోతే గీత సక్కగ ఉంటది. గిది మెలికలు తిరిగింది, సూడు. గోడ పగిలింది బిడ్డా."

ఆ బాల్కనీ మీద అతిథులకు కుర్చీలు వేయించే పని మా ఆయనది. ఇస్త్రీ చొక్కా వేసుకుని అప్పటికే వెళ్లిపోయారు. ఆ ఇంటికింకా ఫోన్ రాలేదు. సార్ స్కూటర్ వెనక కూర్చుని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. ఎక్కడ బండరాయి పేల్చిన చప్పుడైనా బాల్కనీయే కూలిందనుకున్నాను.

బాల్కనీ నిలిచే ఉంది. దాని మీద పాతికమంది దాకా ఉన్నారు. మధ్యలో మా ఆయన వంగి కుర్చీలు సర్దుతున్నారు. సార్ నిర్మాతను పక్కకు పిలిచి బాల్కనీ పగిలిందని మాత్రం చెప్పారు.

"శుభమా అని గృహప్రవేశం చేసుకుంటుంటే ఈ మాటలేంటండీ? ఇంజనీరే బాగుందన్నాడు, మధ్యలో మీరెవరు?" అన్నాడాయన.

అప్పుడు నోరు విప్పాల్సింది నేను. ఇంజనీరు చూసింది నేను చెరిపేసిన ఫోటో అని చెప్పాల్సింది. మా ఆయన ఉద్యోగం గుర్తొచ్చి ఆగిపోయాను. మొగుడు పగిలిన బాల్కనీ మీద నిలబడి ఉంటే ఉద్యోగం గురించి ఆలోచించిన మనిషిని నేను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

సార్ నా వంక ఒక్కసారి చూసి, గబగబా వాకిట్లోకి నడిచి, మెడలో వేలాడే కెమెరా పైకెత్తి అరిచారు. "అమ్మా, అయ్యా, అందరు జర కిందికి రండ్రి! ఇల్లంత వడేటట్టు ఫోటో తీస్త! పైన ఒక్కరున్నా ఖరాబైతది!"

ఫోటో అనేసరికి సినిమావాళ్లు కూడా చీరలు సవరించుకుంటూ దిగారు. మా ఆయన మాత్రం, "ఒక్క నిమిషం సార్, ఈ నాలుగూ వేసేసి వస్తా," అన్నారు.

"కుర్చీలొద్దు తమ్మీ, దిగు! నీ కాళ్లు మొక్కుత, దిగు!"

ఆ గొంతు విని మా ఆయన బిత్తరపోయి దిగివచ్చారు. సార్ కెమెరా నొక్కారు. అందులో కొత్త ఫిల్ము ఎక్కించలేదని నాకొక్కదానికే తెలుసు. జనం మళ్లీ మెట్ల వైపు కదులుతుంటే నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు. "నాతోటి అయినంత సేపు ఆపిన. ఇగ నువ్వు చెప్పాలె."

నిర్మాత ముందు నిలబడ్డాను. "ఇంజనీరు చూసిన ఫోటో అబద్ధమండీ. బాల్కనీలో పగులుంది. గీత అనుకుని నేనే చెరిపేశాను." నా గొంతు నాకే వినిపించలేదు. ఆయనకు వినిపించింది. నన్నూ, బాల్కనీనీ మార్చి మార్చి చూశాడు. పైకి వెళ్లి, బాల్కనీ తలుపుకు తన చేత్తోనే తాళం వేసి వచ్చాడు.

తర్వాత సిమెంటు చెక్కి చూస్తే, స్లాబు పైభాగంలో వేయాల్సిన ఇనుప చువ్వలు కూలీలు అడుగుభాగంలో వేశారని తేలింది. ఇంకెన్నాళ్లు నిలిచేదని ఎవరో అడిగితే, నాళ్లు కాదు, గంటలని అడగండి అన్నాడట ఇంజనీరు. బాల్కనీ మొత్తం కొట్టేశారు. మా ఆయన ఉద్యోగం నెల తిరక్కుండా పోయింది. కొన్నాళ్లకు ఇంకోటి దొరికింది.

సార్ నన్ను ఒక్క మాట అనలేదు. వారం తర్వాత అడిగారు, "ఇంక భయమైతుందా బిడ్డా?"

"అవుతోంది సార్. పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది."

"వణకనియ్యి," అన్నారు. "గా భయం పోనియ్యకు."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఇళ్లు అమ్మేవాళ్ల ప్రకటనలకు కంప్యూటర్ మీద ఫోటోలు సరిచేస్తుంటాను. పోయిన నెల వచ్చిన ఒక ఫోటోలో మెట్ల పక్క గోడ మీద సన్నటి గీత కనిపించింది. రెండు నొక్కుల్లో చెరిగిపోయేది. ఆటో ఎక్కి వెళ్లి ఆ గోడ ముందు నిలబడ్డాను. సాలెపురుగు దారం. వేలితో లాగితే వచ్చేసింది. దీనికోసమా ఇంతదూరం వచ్చారమ్మా అని వాచ్‌మన్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ గీతను చెరిపేటప్పుడు మాత్రం చెయ్యి వణికింది. వణకనిచ్చాను.