అత్త సబ్బుల సామాను

మా ఆవిడ ఫోనులో చూసి ఇంట్లోనే సబ్బులు చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి తిరుపతిలో మా రెండు గదుల ఇల్లు కర్మాగారమైపోయింది. నిన్న చక్కెర కోసం వంటింట్లోకి వెళ్ళి, తెల్లగా మెరిసే నాలుగు డబ్బాల ముందు చెంచా పట్టుకుని దిక్కు తోచక నిలబడ్డాను. చిత్తూరులో మా అత్త గుర్తొచ్చింది.

అత్త అంటే నాయన చెల్లెలు. మా ఇంట్లోనే ఉండేది. ఆమె సబ్బు వాసనకు వీధి చివర బస్సు ఆగి, జనం దిగి స్నానాలు చేసి పోయేవారని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. కొబ్బరినూనె, గంధప్పొడి ఎక్కడ పెట్టినా ఫరవాలేదు. తంటా అంతా నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడాతోనే. చూడ్డానికి చక్కెర, నోట్లో పడితే నిప్పు. గాలి తగిలితే చెమ్మగిల్లుతుందని అత్త దాన్ని బిగుతు మూత సీసాలో పోసి, ఉప్పు, చక్కెర సీసాల సరసనే పెట్టి, అపాయానికి గుర్తుగా దానికొక్కదానికే కుంకుమబొట్టు పెట్టింది. అమ్మకూ ఆమెకూ మాటలు తక్కువ కాబట్టి ఆ సంగతి చెప్పలేదు. శుక్రవారం ఇల్లు కడిగిన అమ్మ, బోసిగా ఉన్న మిగతా రెండింటినీ చూసి మనసొప్పక, అన్నీ తుడిచి, అటూ ఇటూ జరిపి, మూడింటికీ నిండుగా బొట్లు పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే పుత్తూరు నుంచి అమ్మ తమ్ముడు, మా మామ, వచ్చాడు. కాఫీలో చక్కెరకని అమ్మ ఒక సీసా మీద చెయ్యి వేసింది.

"వదినా, ముట్టుకోవద్దు! బొట్టుండేది విషం!" అత్త అరిచింది.

"మూడింటికీ ఉండాది కదమ్మా!" అంది అమ్మ.

నాయన పరుగెత్తుకొచ్చాడు. "నాలుక మీద ఏసి సూస్తే పోలా?"

"ఏస్తే నాలుకే పోతాదన్నా!"

అత్త మూడు గ్లాసుల నీళ్ళలో వరుసగా ఒక్కో సీసాలోంచి ఒక్కో చెంచా వేసి, ఏది వేడెక్కితే అదే సోడా అంది. తొందరలో వాటిని పెట్టింది మండుతున్న పొయ్యి పక్కన. నాయనకు మొదటిది వేడి, అమ్మకు మూడోది, నాకు మూడూ వేడే.

"ఏమక్కా, కాఫీ తిరుమల కొండ దిగి నడిసి వస్తా ఉండాదా?" వీధి పంచలోంచి మామ.

గ్లాసులను పొయ్యికి దూరంగా జరిపి కాసేపు ఆగాక, మధ్యదాన్ని ముట్టుకున్న నాయన చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇంక ఈ ఇంట్లో సబ్బు మాటొద్దు. అంతా ఎత్తిపెట్టు" అన్నాడు.

అత్త తల వంచుకుంది. ఆ ఇంట్లో తనదని చెప్పుకోడానికి ఆమెకున్నది ఆ పనొక్కటే.

"బొట్లు పెట్టింది నేను. తిడితే నన్ను తిట్టండి. సబ్బులెందుకు మానాల?" అంది అమ్మ. మధ్య సీసాను తనే తీసుకుపోయి, పెరటి గది అటక మీద, పొరపాటున కూడా ఎవరి చెయ్యీ తగలనంత ఎత్తున పెట్టింది. తర్వాత ఆ రోజంతా అత్తతో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

వాళ్ళిద్దరికీ పడదని వీధంతా అనుకునేది, నేనూ అనుకున్నాను. ఇద్దరి ముఖాలూ ఇప్పుడు నా జ్ఞాపకంలో మసకబారాయి. ఆ ఒక్క పూట మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ నాకు కొత్త కొత్తగా అర్థమవుతూనే ఉంది, ఇంకా పూర్తిగా కాలేదు.