పాట ఎప్పుడు మొదలవుతుంది?

గూడూరులో జాజ్-ఫంక్ వాయించే బృందం మాదొక్కటే. జిల్లాలో మేమే నంబర్ వన్ అని మా బావమరిది చెప్పుకునేవాడు; కాదనడానికి రెండో బృందం లేదు. అతనిది డ్రమ్స్, నాది బేస్ గిటార్, మా స్నేహితుడిది కీబోర్డు. శాక్సాఫోన్ వాయించే అన్న పెళ్లి బ్యాండు నుంచి వచ్చినవాడు. ఎంత దిగులు రాగం ఎత్తుకున్నా, చివరికి పెళ్లికొడుకు కారు దిగుతున్నట్టే ముగించేవాడు.

చెన్నైలోని ఒక స్టూడియోలో ఆల్బమ్ చేశాం. అంతా వాద్య సంగీతమే, ఒక్క మాట లేదు. అదే మా గొప్ప అనుకున్నాం. నెట్‌లో పెట్టాక బెంగళూరు నుంచి ఎవరో "బేస్ చాలా లోతుగా ఉంది" అని రాశారు. ఆ ఒక్క వాక్యాన్ని మా ఆవిడకు పదేపదే చదివి వినిపించాను.

"మన వీధిలో గుంత కూడా లోతుగానే ఉండాది," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు మా ఆల్బమ్‌ను చర్చి స్పీకర్లలో వేయించారు. మొదటిది అయిపోయింది. రెండోది సగానికి వచ్చింది. జనం మర్యాదగా ఎదురు చూస్తున్నారు. చర్చిలో పాటల బృందాన్ని నడిపించే మా అత్తగారు నా వైపు వంగారు.

"పాట ఎప్పుడు మొదలవుతుంది నాయనా?"

"ఇదే పాట, అత్తయ్యా."

"ఇది ట్రాక్ గదా! పాడేది మేమా?"

ఆ మాట బెంచీల వెంట పాకిపోయింది. చర్చివాళ్లు పైన పాడుకోవడానికి మేం మాటల్లేని ట్రాకులు చేయించామని అందరూ ఖాయం చేసుకున్నారు. "క్రిస్మస్‌కి ఆ నాలుగోది మాకియ్యండన్నా, శ్రుతి కొంచెం దించి," అంది ఒక అక్క. "మంచి పని చేసినారయ్యా, పండగకి మీరే వచ్చి వాయించండి," అని పాస్టరు గారు మా చేతులు పట్టుకున్నారు. మేం నలుగురం తలలూపేశాం.

బయటికొచ్చాక శాక్సాఫోన్ అన్న మండిపడ్డాడు. "నేను ఊదతా ఉంటే పైన పాడతారంటనా? నేను రాను." తర్వాత మా బావమరిదే అన్న ఇంటికి వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడు.

క్రిస్మస్ ఉదయం అత్తగారి బృందం ముందు నిలబడి పాడింది, మేం వెనక నిలబడి వాయించాం. చరణం చరణానికీ గొంతులు తేలికపడ్డాయి. బెంచీల్లో పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొడుతుంటే, నా వేళ్లకు ఎన్నడూ లేనంత హుషారు వచ్చింది. అప్పుడు అత్తగారు చెయ్యెత్తి పాడేవాళ్లను ఆపి, శాక్సాఫోన్ ఊరికే పట్టుకుని నిలబడ్డ అన్న వైపు తిరిగారు.

"నువ్వు గూడా కాస్త ఊదు నాయనా. ఇందాకట్నుంచీ పాపం కాచుకోనుండావు."

అన్న ఊదాడు. కళ్లు మూసుకుని, లోకం మరిచిపోయి ఊదాడు. ఆ రోజు పాస్టరు గారు ప్రసంగాన్ని కుదించుకోవలసి వచ్చింది. సంఘంలో ఎవరూ అందుకు బాధపడినట్టు కనిపించలేదు.