కాలినడకన లాస్ట్ బస్సు

డ్రిల్లు మాస్టారి విజిల్ మోగింది. బడి గదిలో చాపల మీద పడుకున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. కండక్టర్ మాత్రం లేవడానికి బేరం మొదలుపెట్టాడు. మోకాళ్ళు కాస్త గొణిగి ఒప్పుకున్నాయి. నడుము ఒక మెట్టు దిగింది. మడమలు మాత్రం మాటకే రాలేదు.

"లాస్ట్ బస్సు ఇంకా డిపోలోనే ఉందర్రా!" అని ఎవరో అన్నారు. గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వడానికి కాళ్ళతో పని లేదు కాబట్టి.

ఆ పేరు పెట్టింది మాస్టారే. ఎప్పుడో రిటైరైనా విజిల్ మాత్రం మెడలోంచి తియ్యని మనిషి. ఏటా ఇలా పాతికమందిని పోగేసి, కొండ మీది గుడికి నడిపించుకుపోతాడు. బయల్దేరిన మూడోనాటికి అందరి నడకా చూసి, "బృందం చివర ఒకడుండాలి, ఎవరూ తప్పిపోకుండా. ఆ విద్య నీకు పుట్టుకతో వచ్చినట్టుంది" అని ఆ పదవి కండక్టర్‌కి కట్టబెట్టాడు. రిటైరయ్యేదాకా ప్రమోషన్ ఎరగని మనిషికి వెనకబడినందుకు ఒక పదవి వచ్చింది.

నిజానికి బయల్దేరేముందు అతను వీధి వీధంతా చెప్పుకున్నాడు: "జీవితమంతా నిలబడి ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు నడక ఒక లెక్కా?" అని. నిలబడింది తను, నడిచింది బస్సు అన్న సంగతి మొదటిరోజు మధ్యాహ్నానికే తెలిసొచ్చింది.

మొక్కు కూడా అతనిది కాదు. నిరుడు గుండె ఆపరేషన్ అవుతుంటే, గది బయట బల్ల మీద కూర్చుని భార్య మొక్కుకుంది: "మనిషిని లేపి నాకిస్తే ఇద్దరం కలిసి నీ కొండకి నడిచొస్తాం. దారిలో చక్రమున్నదేదీ ఎక్కం." ఆ సమయానికి అతను మత్తులో ఉన్నాడు. తన కాళ్ళకి సంబంధించిన ఒప్పందం తను స్పృహలో లేనప్పుడు కుదిరిపోయిందని అతని వాదన. డాక్టరైనా అడ్డు చెబుతాడనుకున్నాడు. ఆ మహానుభావుడు, "మెల్లగా నడవండి, నడకే మందు" అన్నాడు.

దేవుడి లెక్కల మీద అతనికి పెద్ద నమ్మకం లేదు. భార్యకుంది. ఆపరేషన్ అయినప్పటినుంచీ నిద్రలో ఆమె చెయ్యి వచ్చి అతని ఛాతీ మీద పడుతుంది. కొట్టుకుంటోందని తెలిశాక వెనక్కి పోతుంది. ఏడాదిగా ఇదే వరస. మొక్కు తీరితే ఆ చెయ్యి నిద్రపోతుందేమోనని అతను బయల్దేరాడు. ఆ మాట పైకి చెప్పలేదు, "నడకే మందన్నాడుగా" అని ఊరుకున్నాడు.

ఆ పూట బడిలో ఉన్న ఒక్క కుళాయి దగ్గర వరస పెద్దదైంది. పళ్ళపుల్లలూ, బ్రష్షులూ, చెంబులూ. కండక్టర్ తనకు తెలియకుండానే వరస పక్కన నిలబడి, "ముందు ఖాళీ ఉందమ్మా, జరగండి, జరగండి" అంటున్నాడు. అందరూ జరిగారు. తీరా చూసుకుంటే తన చోటు పోయి, చివరికొచ్చాడు.

"నిద్రలో కూడా ఇంతే" అంది దర్జీ ఆవిడ, మొహం కడుక్కుంటూ. "రాత్రి 'వెనక్కి జరగండి' అని అరిచాడు. మేము నలుగురం నిజంగానే జరిగాం. ఈయన కాళ్ళు బారజాపుకుని పడుకున్నాడు."

బృందంలో పాదాల వైద్యం కూడా ఆవిడదే. బొబ్బలోంచి దారం ఎక్కించిన సూదిని పోనిచ్చి, దారాన్ని లోపలే వదిలేస్తుంది, నీరంతా దాని వెంటే కారిపోతుంది. ఆ పొద్దున కండక్టర్ కాలు ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది కాలా, పాత కోటా? ఎక్కడ పట్టుకున్నా చిరుగుతోంది."

"కుట్టమ్మా, కుట్టు. కొలతలు మాత్రం తియ్యకు, పొట్ట దగ్గర సిగ్గేస్తుంది."

సామానంతా వ్యాన్‌కెక్కించి, తెల్లారేసరికి రోడ్డు పట్టారు. మొదటి గంట అందరూ కబుర్లు. రెండో గంట ఎవరి ఆలోచన వాళ్ళది. ఆ తర్వాత ఆలోచన కూడా ఉండదు. ముందువాళ్ళ మడమలే లోకం. ఆ లోకం కండక్టర్‌కి ఎప్పుడూ దూరంగా, చిన్నదిగా కనబడేది. అందరికంటే ముందు అతని భార్య. చేతిసంచీ భుజానికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా, ఎవరో తరుముతున్నట్టు పోయేది. మధ్యాహ్నం ఏ గోదాములోనో, ఏ షెడ్డులోనో భోజనానికి ఆగితే తప్ప ఆమె మొహం కనబడేది కాదు. ఇంటి దగ్గర మేడమెట్లకే మోకాళ్ళు పట్టుకునే మనిషి! 'దేవుడి మీద భక్తా, నా మీద విసుగా?' అని అనుకునేవాడు. అడిగే ధైర్యం లేదు. అడగడానికి ముందు ఆమెను అందుకోవాలి కదా.

ఇంకో చిక్కుంది. అది తన సర్వీసంతా తిరిగిన రోడ్డు. ప్రతి డ్రైవరూ తెలిసినవాడే. పక్కన బస్సు నెమ్మదించడం, కిటికీలోంచి తల బయటికి రావడం.

"ఏం బావా, ఈ వయసులో ఈ శిక్షేమిటి? ఎక్కు, ఎవరికీ చెప్పను!"

"నువ్వు పో బావా. నేను మొక్కులో ఉన్నా."

అలా అన్న ప్రతిసారీ అతని ఛాతీ కాస్త పొంగేది. తన నిగ్రహం చూసి తనకే ముచ్చటేసేది. ఆ ముచ్చటే కొంప ముంచింది.

ఆ రోజు ఎండ ఎక్కుతుండగా రోడ్డు పక్క స్టేజీలో ఒక బస్సు ఆగింది. జనం తోసుకుంటున్నారు. ఒక ముసలమ్మ తనకంటే పెద్ద మూట పట్టుకుని, వెనక డోరు మెట్టు అందక అవస్థ పడుతోంది. తనెలాగూ ఎక్కడన్న ధీమాతో కండక్టర్ వెళ్ళి మూట అందుకున్నాడు. "పట్టుకో మామ్మా, కమ్మీ పట్టుకో" అని ఆమెను ఎక్కించాడు. మూట లోపలికి నెట్టాడు. దాని వెనకే తనూ మెట్టెక్కి, "లోపలికి జరగండి, డోరు దగ్గర నిలబడకండి" అని, అరచేత్తో రేకు మీద రెండు దెబ్బలు వేసి, "రైట్ రైట్!" అన్నాడు.

బస్సు కదిలింది.

మొహానికి గాలి తగిలింది. ఎన్నాళ్ళకి! పాదాలు నొప్పెట్టడం లేదు. ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని, ఒంటికాలి మీద, డోరులో నిలబడ్డాడు. పొలాలు వెనక్కి పోతున్నాయి. లోకం ఇలా ఉండాలి, మనిషి నిలబడాలి, రోడ్డు నడవాలి అనిపించింది.

"ఎవరండీ మీరు?"

టికెట్ల మిషన్ పట్టుకున్న కొత్త కండక్టరమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఆమె మొహం చూశాక గానీ తను ఎక్కడున్నాడో అతనికి బోధపడలేదు.

"అయ్యయ్యో! ఆపమ్మా, ఆపు! నేను దిగాలి!"

"ఇప్పుడేగా ఎక్కారు?"

"నేనెక్కలేదు. అంటే ఎక్కాను, కానీ ఎక్కాలని ఎక్కలేదు."

"స్టేజీ లేనిచోట ఆగదండీ. చూసుకుని ఎక్కాలి" అంది ఆమె.

అదే మాట, అదే గొంతుతో, కొన్ని వేలమందికి తను చెప్పినవాడే. ఈమెకు నేర్పింది ఎవరో గానీ బాగా నేర్పారు.

"టికెట్?" అందామె. జేబులు తడుముకున్నాడు. డబ్బులూ, పాసూ అన్నీ సామాన్ల వ్యాన్‌లో ఉన్నాయి. టికెట్ లేనివాళ్ళు ఏమేం కథలు చెబుతారో అతనికి కంఠతా వచ్చు. వాటిల్లో ఇంత చేతగాని కథ ఒక్కటీ లేదు. మామ్మ జాలిపడి, "నన్నెక్కించాడమ్మా పాపం, నాతో కలిపి కొట్టు" అంది.

అంతలో కిటికీలోంచి తమవాళ్ళు కనబడ్డారు. దర్జీ ఆవిడ, మాస్టారు, మిగతావాళ్ళంతా ఎండలో తలలు వంచుకుని నడుస్తున్నారు. కండక్టర్ గబుక్కున మామ్మ మూట వెనక చతికిలబడ్డాడు. మూట పక్కనించి ఒక కంటితో చూశాడు. అందరికంటే ముందు భార్య. కుడికాలు కాస్త ఈడుస్తోంది. రోజూ వెనకనించి అంత దూరాన చూసేవాడికి ఆ సంగతి తెలియనే లేదు. బస్సు ఆమెను దాటిపోయింది.

తర్వాతి స్టేజీలో దిగాడు. రేకుల షెడ్డు, సిమెంటు బల్ల. బల్ల మీద కూలబడి ఆలోచించాడు. దారి సుళువుగానే కనబడింది. ఎవరూ చూడలేదు. షెడ్డు వెనక నక్కితే బృందం తనను దాటుకుపోతుంది. అప్పుడు మెల్లగా వెనక చేరిపోవచ్చు. లాస్ట్ బస్సు ఎప్పటిలా లాస్ట్‌లోనే వస్తుంది. వెనక ఉన్నవాణ్ణి ఎవడు చూస్తాడు? ఈ పదవికి ఉన్న సౌకర్యం ఇన్నాళ్ళకి తెలిసింది.

వెళ్ళి షెడ్డు వెనక నిలబడ్డాడు కూడా. గోడకి వీపు ఆనించి, పొట్ట లోపలికి లాక్కున్నాడు. పొట్ట మాట వినలేదు. అప్పుడు గుండె చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కోసమే ఆమె చెయ్యి వస్తుంది. కొండెక్కి, మొక్కు తీరిందనుకుని, ఇంటికెళ్ళాక ఒకరోజు ఆ చెయ్యి రావడం మానేస్తుంది. ఈ చేతగాని గుండె మాత్రం లోపల 'నేను బస్సెక్కాను, నేను బస్సెక్కాను' అని కొట్టుకుంటూనే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు, కుళాయి దగ్గర వరస జరిపినట్టు, నిద్రలో తనే అరిచి చెప్పేస్తాడు. అబద్ధం దాచుకోవడానికి కూడా మనిషికి కాస్త సమర్థత ఉండాలి.

షెడ్డు వెనకనించి బయటికొచ్చి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

మలుపు దగ్గర భార్య ఎదురైంది. ఆగిపోయింది. వెనక్కి చూసింది, మళ్ళీ ముందుకు చూసింది.

"మీరు వెనక కదా ఉండాల్సింది?"

"వెనకే ఉన్నా."

"మరి ముందునించి వస్తున్నారేం?"

అతను మూట గురించి మొదలుపెట్టి, మామ్మ గురించి చెప్పి, కమ్మీ దాకా వచ్చి ఆగాడు. ఇక చెప్పక్కర్లేకపోయింది. ఆమె చెయ్యి గాల్లోకి కొంచెం లేచింది, అతని ఛాతీ వైపు. నలుగురూ వచ్చేస్తున్నారని సంచీ పట్టుకుంది.

మాస్టారు వచ్చి సంగతి విన్నాడు. విజిల్ చేత్తో పట్టుకుని, ఊదాలా వద్దా అన్నట్టు తిప్పాడు.

"చక్రం ఎక్కినవాడు ఎక్కిన చోటికి తిరిగెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ నడవాలి. మన బృందం కట్టుబాటు. కానీ ఆరోగ్యం బాగాలేని మనిషివి. తెలిసి చెయ్యలేదు. నేను వినలేదనుకుంటాలే, పద."

"వద్దు మాస్టారూ, వెళ్తాను" అన్నాడు కండక్టర్. "సాయంత్రానికి అందుకుంటా. ఎలాగూ నాకోసం ఎవరూ త్వరపడరు కదా."

"లాస్ట్ బస్సు రివర్సులో పోతోంది, జాగ్రత్త!" అంది దర్జీ ఆవిడ. ఒకరిద్దరు నవ్వారు. భార్య నవ్వలేదు. దగ్గరికొచ్చి అడిగింది.

"డోరులో నిలబడ్డారా?"

"ఆ."

"వేలాడుతూనా?"

"కొంచెం."

"ఒంటికాలి మీద?"

అతను తలదించుకున్నాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కొంగు తీశాక చూస్తే నవ్వు. ఆపరేషన్ ముందు ఎప్పుడో విన్న నవ్వు. నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, సంచీ భుజం మార్చుకుని, అతను పోవాల్సిన వైపుకి తిరిగింది.

"నువ్వెక్కడికి?"

"మీతోటే."

"నువ్వెక్కలేదుగా! నీ కాలు చూడు, ఈడుస్తున్నావు. వాళ్ళతో వెళ్ళు."

"ఇద్దరం కలిసి నడుస్తామని మొక్కుకున్నాను. ఇన్నాళ్ళూ మీరెక్కడ, నేనెక్కడ? మీరు ఒక్క స్టేజీ తప్పారు. నేను ఇంటి దగ్గరనించీ తప్పుతున్నా."

కొంతదూరం నడిచారు. అతనికి ఆయాసం వచ్చింది. ఆమె ఆ చప్పుడు విని ఆగింది, అతను ఊపిరి తీసుకునేదాకా నిలబడింది.

"ఇదే" అంది. "ఇది వినలేకే ముందుకు పోయేదాన్ని. వినబడితే నా కాలు కదలదు. మీకేమన్నా అవుతుందేమోనని."

"నేను ఇంకేదో అనుకున్నాను."

"ఏమని?"

"నా మీద విసుగనీ."

"అదీ ఉంది" అందామె.

అతను ఎక్కిన స్టేజీ వచ్చింది. చెట్టు లేదు, చావిడి లేదు, ఒక ఇనపస్తంభం. కండక్టర్ దాన్ని చేత్తో ముట్టుకుని, మళ్ళీ కొండవైపు తిరిగాడు. కుంటుతున్న మనిషీ, రొప్పుతున్న మనిషీ పక్కపక్కనే నడిచారు. ఎవరు ఎవరి కోసం నెమ్మదిగా నడుస్తున్నారో చెప్పడం కష్టం.

వెనకనించి హారన్ మోగింది. బస్సొకటి పక్కనే నెమ్మదించింది. తెలిసిన తలే బయటికొచ్చింది.

"ఏం బావా! చెల్లెమ్మని కూడా ఎండలో పడేశావా? ఇద్దరూ ఎక్కండి!"

వెనక డోరు సరిగ్గా అతని ముందుకొచ్చి ఆగింది. నున్నగా అరిగిన కమ్మీ చేతికందేంత దూరంలో ఉంది. కండక్టర్ రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాడు. తన చేతుల సంగతి తనకు తెలుసు.

భార్య అతని వంకా, డోరు వంకా చూసింది. రెండడుగులు ముందుకేసి, అరచేత్తో రేకు మీద ధన్ ధన్‌మని రెండు దెబ్బలు వేసింది.

"రైట్ రైట్!"

డ్రైవరు ఎవరు, ఏమిటి అని చూడనే లేదు. గేరు మార్చాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. తన సర్వీసంతటిలో ఏ బస్సూ తన మాటకి అంత చప్పున కదిలిన జ్ఞాపకం లేదు కండక్టర్‌కి. దుమ్ము తగ్గేదాకా ఆగి, వీపు వెనకనించి చేతులు తీసి, ఆమె సంచీ అందుకున్నాడు.