చిన్నాన్న డిగ్రీ చదువు

మొన్న నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నానో లేదో, కాలేజీ ఎన్‌సీసీ అమ్మాయిలు ఖాకీ బట్టల్లో బిలబిలమంటూ ఎక్కారు. వాళ్ల సందడికి మా చిన్నాన్న గుర్తొచ్చాడు. సైన్యంలో హవల్దారుగా రిటైరై ఆళ్లగడ్డ చేరుకొని, నంద్యాలలో నేను చదివే డిగ్రీ క్లాసులోనే చేరిన మనిషి ఆయన. రోజూ ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం.

పిన్నికి అది బొత్తిగా నచ్చలేదు. ఊళ్లోనే బ్యాంకు సెక్యూరిటీ ఉద్యోగం సిద్ధంగా ఉంది మరి. "తుపాకీ పట్టుకోని నిలబడింది చాల్లే. టీచరయితా" అని ఆయన మొండికేశాడు. మొదటిరోజు ఆయన గుమ్మంలో కనబడగానే లెక్చరరనుకొని క్లాసంతా లేచి నిలబడింది. ఆయన కంగారులో సెల్యూట్ కొట్టాడు. ఆ నవ్వులు చాలా రోజులు వినబడ్డాయి. మాజీ సైనికుల కోసం కాలేజీలో ఒక గది కేటాయించి, సాయంత్రాలు విడిగా పాఠాలు చెప్పేవారు. చిన్నాన్న అటువైపే పోలేదు. చివరికి ఇంగ్లీషు పరీక్ష తప్పాడు. మర్నాటి నుంచి బస్టాండుకు రావడం మానేశాడు. బ్యాంకు ఉద్యోగానికి ఒప్పుకున్నాడని పిన్ని చెప్పింది.

నేను వెళ్లి, కాలేజీలో ఎన్‌సీసీ చూసే మేడంకు చెప్పాను. ఆ గది పెట్టించింది ఆమే. ఆదివారం చిన్నాన్నవాళ్లు చర్చి నుంచి వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏందన్నా, కాలేజీకి రాకుండా ఈడ ఏం చేస్తాండారు?"

"నా బుర్రకెక్కదు మేడమ్. సాయంత్రం పాఠాలంటారా, అది జాలి. నాకు జాలి వద్దు."

మేడం పక్కకు జరిగి ఆయనకు అరుగు మీద చోటిచ్చింది. "మా నాయన కూడా సిపాయే," అంది. "రిటైరయి వచ్చినాక కుర్చీలో కూర్చున్నాడు. ఎవురితో మాట్లాడలే. అట్లనే పోయినాడు. ఆయప్ప లాంటోళ్ల కోసమే ఆ గది అడిగి పెట్టించినా. మీరన్నా రాండి."

పిన్ని లోపలికి వెళ్లి, ఇస్త్రీ చొక్కా తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టింది. "రేపు పో" అంది.

వెళ్లాడు. ఉదయాలు ఎన్‌సీసీ పిల్లలకు కవాతు నేర్పాడు, సాయంత్రాలు ఆ గదిలో ఇంగ్లీషు నేర్చుకున్నాడు. డిగ్రీ అయింది, బీఎడ్ అయింది. ఇప్పుడు ఆళ్లగడ్డ బడిలో సోషల్ చెబుతాడు. చెప్పడం మొదలుపెడితే ఆయన కబుర్లకు అంతుండదు.

రిటైరై రైలు దిగిన రోజే ఆయన ఇల్లు చేరాడని మేమంతా అనుకున్నాం. నిజంగా చేరడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.