ఫ్లెక్సీ ఎక్కిన ఈశ్వరి

ఫ్లెక్సీలు అచ్చువేసి బతికేవాడికి మనుషుల మీద గౌరవం మిగలదు. నాకున్న కాస్తా పదిహేనేళ్ల కిందటే అయిపోయింది. హీరోగారి పుట్టినరోజని అరవైమంది కుర్రాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు పట్టుకొచ్చి, అందరికీ నల్లకళ్లద్దాలు పెట్టమంటారు. ఇంట్లో అమ్మ గ్యాసుబండ ఈడ్చుకొస్తుంటే కన్నెత్తి చూడని వెధవలు, హీరో బొమ్మకి బిందెలతో పాలు పోస్తారు. నాయకులు ఇంకా ఘోరం. పక్క వార్డువాడి మొహం కన్నా తన మొహం బెత్తెడు తగ్గిందని ఒకాయన ఫ్లెక్సీ మొత్తం నా ముందు విసిరికొట్టి పోయాడు. అలా తిరిగొచ్చినవన్నీ నా కొట్టు వెనకాల గుట్టపడి ఉంటాయి. రేకు వేయించుకోలేనివాళ్లు పట్టుకుపోయి బళ్ల మీద కప్పుకుంటారు. పాతబజారులో సగం బళ్ల పైకప్పులు నా కొట్టువే.

ఈశ్వరి బండిదీ అంతే. మూడేళ్ల కిందట గాలివానకి ఆవిడ టార్పాలిన్ చిరిగిపోతే నేనే ఒక ఫ్లెక్సీ ఇచ్చాను. అప్పట్లో ఊరేలుతున్న నాయకుడి నవ్వుమొహం దాని నిండా ఉంది. బొమ్మ లోపలికి తిప్పి కట్టుకుంది. అందుకని బజ్జీలు తినేవాళ్లు తలెత్తితే ఆయన తలకిందులుగా నూనె బాండీలోకి చూస్తూ కనబడేవాడు.

ఈశ్వరిది నెల్లిమర్ల పక్క పల్లె. మొగుడు అసిరయ్య జూట్ మిల్లులో చేసేవాడు. మిల్లు మూతపడినప్పుడు మా ఊరొచ్చి సినిమాహాల్లో గేటు దగ్గర కుదిరాడు, రెండేళ్లకే జ్వరమొచ్చి పోయాడు. ఆ గేటు పక్కనే ఈవిడ బండి పెట్టింది. టమాటా బజ్జీని నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలూ మురీలూ, అంటే మరమరాలూ, కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చేది. ఇంటర్వెల్ ఎప్పుడో ఎవరినీ అడిగేది కాదు. లోపల విలన్ హీరోయిన్‌ని ఎత్తుకుపోయిన కేకలు వినపడగానే పిండిలో ముంచిన మిరపకాయలు నూనెలో పడేవి. తలుపులు తెరిచేసరికి పొగలు కక్కుతూ తయారు. ఇరవయ్యేళ్లకి పైగా సినిమాలన్నీ గోడకి ఇవతల నిలబడి విందేగాని ఒక్కటీ చూడలేదు.

"ఒక్కటైనా సూడొచ్చు కదప్పా," అనేవాణ్ని.

"ఏటుందిరా బాస్కరూ సూడ్డానికి? ముందు కొట్టుకుంతారు, తరవాత గెంతుతారు. పాలు పోసినోడికీ పనీపాటా లేదు, పోయించుకున్నోడికీ లేదు," అనేది.

ఆ హాలు మూతపడి ఇప్పుడు మంచాలూ సోఫాలూ అమ్మే షోరూము అయింది. ఈశ్వరి మాత్రం కదల్లేదు. రుచి మరిగినవాళ్లు సినిమా లేకపోయినా వచ్చేవాళ్లు.

ఇంతలో పాతబజారుకి పూర్వవైభవం తెస్తామని ఒక సుందరీకరణ సంఘం పుట్టుకొచ్చింది. అధ్యక్షుడు నరసింగరావు. ఈయన ఎన్నికలకి ముందు ఒక కండువా, తర్వాత ఇంకో కండువా. గోడలనిండా నాట్యం చేసే అమ్మాయిల బొమ్మలు వేయించారు. నాట్యమంటే ఏమిటో ఎరగనివాడు వేసినట్టున్నాడు, ఒకమ్మాయికి రెండూ ఎడమచేతులే. ఫొటోలు దిగడానికి ఊరిపేరు మనిషెత్తు అక్షరాలతో నిలబెట్టారు. మురుగుకాలవ ఒక్కటే నిజంగా పూర్వవైభవంతో ఉంది, దాన్నెవడూ ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఫుడ్ స్ట్రీట్ అన్నారు. పన్నెండు స్టాళ్లు, బజారులో పాతవాళ్లకే ముందు. ఇక మీదట ఆ వీధిలో తోపుడుబండి కనబడకూడదు. ఈశ్వరి ఆధార్ జిరాక్సు ఇచ్చి, వేలిముద్ర వేసొచ్చింది. స్టాలు రాకపోతే ఆవిడకి వేరే పని చేతకాదు, చూసే మనిషీ లేడు. జాబితా అంటించిన రోజున నాచేత రెండుసార్లు చదివించుకుంది. పేరు లేదు.

ఇద్దరం కలిసి నరసింగరావు దగ్గరకి వెళ్లాం.

"నీ బండి మీద ఎవులి బొమ్మున్నాదో సూసుకున్నావా?" అన్నాడు.

"వానకి కప్పుకున్నాను బాబూ. ఎవులి బొమ్మయితే నాకేటి?"

"మూడేళ్లు ఆడిని నెత్తినెట్టుకున్నావు. ఇప్పుడు స్టాలు మేవివ్వాలా? సిగ్గుండాలమ్మా!"

ఆ ఫ్లెక్సీ నేనిచ్చాను. ఆ ఒక్క ముక్కా అనుంటే సరిపోయేది. కాని సంఘం వాళ్ల ఆర్డర్లన్నీ నాకే వస్తున్నాయి. నోరు మూసుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఈశ్వరి నా వైపు ఒకసారి చూసింది. నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు నాకు.

మంగళవారం పొద్దున్న ట్రాక్టరొచ్చి బండి ఎత్తుకుపోయింది. బాండీ, జల్లిగరిటె మాత్రం ఆవిడ చేతికిచ్చారు. అదో దయ.

బుధవారం నరసింగరావు నా కొట్టుకొచ్చాడు. ప్రారంభోత్సవానికి పెద్ద ఫ్లెక్సీ కావాలట, 'మన బజారు, మన రుచి' అని. ఫోన్లో ఫొటో చూపించాడు. పృథ్వీరాజ్ అని ఒకడున్నాడు, ఊరూరా తిరిగి బళ్ల దగ్గర తింటూ వీడియోలు తీస్తాడు. వాడు నిరుడొచ్చి రెండు బజ్జీలు తిని, కళ్లు తేలేసి, "వేరే లెవెల్ గురూ!" అని అరిచి పోయాడు. ఆ వీడియోలో ముక్క అది. బాండీ వెనక ఈశ్వరి నవ్వుతోంది.

"ఇది ఈశ్వరి," అన్నాను.

"అయితే ఏటి? నవ్వు బాగున్నాది. బొమ్మకి స్టాలక్కర్లేదు గదా," అన్నాడు.

అచ్చువేశాను. ఊళ్లోవాళ్లని ఇంతసేపు తిట్టిపోసిన నేనే వేశాను. నా చేతులు విరిగిపోయి ఉన్నా బాగుండేది.

శుక్రవారం పదిగంటలకి రిబ్బను కత్తిరించి వెళ్లిపోయారు. పన్నెండు స్టాళ్లలో తొమ్మిది నరసింగరావు బంధువులవి. మిగతా మూడింట్లో చైనా నూడుల్సు. టమాటా బజ్జీ ఎక్కడా లేదు. ఈశ్వరి వచ్చి తన ఫ్లెక్సీ కింద నిలబడి పైకి చూస్తోంది. నేనూ వెళ్లి పక్కనే నిలబడ్డాను.

అంతలో నరసన్నపేట బస్సు దిగిన ఒక ముసలాయన మా దగ్గర ఆగాడు. కంటి ఆపరేషన్ అయినట్టుంది, పెద్ద నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. దగ్గరున్న మా మొహాలు ఆనలేదు గాని, పదడుగుల మొహం ఆనింది. చెప్పులు విడిచాడు. రెండుచేతులూ ఎత్తి ఆ బొమ్మకి దణ్ణం పెట్టాడు. పార్టీ జెండా లేకుండా, హీరో కాకుండా, మామూలు మనిషి మొహం మా వైపు ఊళ్లలో అంత పెద్దగా కనబడితే అది శ్రద్ధాంజలి ఫ్లెక్సీయే.

"మాయావిడ్ని సినిమాకి తెచ్చినప్పుడల్లా ఈయమ్మ దగ్గరే బజ్జీలు తినిపించేవోణ్ని. మా మంచి మనిషి. ఎప్పుడు పోనాది బాబూ?" అన్నాడు నాతో.

ఈశ్వరే చెప్పింది.

"మొన్న మంగళారం మావా. ట్రాకటరొచ్చి బండెత్తుకుపోనాది సూడు, ఆ పొద్దే."