ఒడిబియ్యం వద్దన్న రోజు

ఇంటికి ఎవరొచ్చినా మా అత్తగారు ఒక సంగతి తప్పకుండా చెబుతుంది. "తాళాల గుత్తిని గోడ అవతలికి ఇసిరేసింది. గంత కోపం ఆడదానికెందుకు?" అని. అవును, విసిరేశాను. అది పక్కింటివాళ్ల బర్రెల కొట్టంలో పడి మళ్లీ దొరకలేదు. బీరువా తెరవడానికి మనిషిని పిలిపించాల్సి వచ్చింది. మళ్లీ అట్లాంటి రోజు వస్తే మళ్లీ విసిరేస్తాను.

మేం కోరుట్లలో ఉంటాం. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. ఆ రోజు పొద్దున నా బిడ్డ కదిలిపోతున్న బడి ఆటో వెంట ఉరికింది. ఆటో సందు మలుపు తిరిగేలోగా గేటు ముందే కుప్పకూలింది. మొహం తెల్లగా పాలిపోయింది. చేతులు రెండుసార్లు కొట్టుకున్నాయి. "ఫిట్స్ అచ్చినయే" అంటూ మా అత్తగారు లోపలికి పరుగెత్తి తాళాల గుత్తి తెచ్చి పిల్ల పిడికిట్లో పెట్టింది. మా దిక్కు ఎవరు పడిపోయినా చేతిలో ఇనుము పెడతారు. ఆమెకు మనవరాలంటే ప్రాణం, ఆ ప్రేమతోనే పెట్టింది. కానీ ఆ గుత్తి చూడగానే నాకు మా తమ్ముడి పిడికిలి కనబడింది. లాగి విసిరేశాను. కాసేపటికి పిల్ల తనంతట తానే కళ్లు తెరిచి, "మమ్మీ, ఆటో పోయిందా?" అంది.

మా తల్లిగారి ఊరు చందుర్తి దగ్గర. బాపు, అంటే మా నాన్న, తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆయనకు మేం ముగ్గురం పిల్లలం. నేను పెద్దదాన్ని, నా తర్వాత చెల్లె, ఆ తర్వాత తమ్ముడు. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.

చెల్లె వ్యవసాయ బావిలో మగపిల్లలతో పోటీపడి ఈదేది. ఆ రోజు కూడా గట్టు మీదినుంచి దూకింది, తేలింది, నాలుగు బారలు ఈదింది. ఉన్నట్టుండి చేతులు ఆపేసింది. నేను గట్టు మీదే ఉన్నాను. మునిగేవాళ్లు కొట్టుకుంటారు, అరుస్తారు. అది కొట్టుకోలేదు, అరవలేదు. ఈ మాట అప్పుడు ఎంతమందికి చెప్పినా ఒక్కరూ వినలేదు. ఈత వచ్చిన పిల్ల నీళ్లలో పోయిందంటే ఎవరో ఏదో చేశారని తేల్చేశారు.

తర్వాత కొన్నేళ్లకు తమ్ముడు బడిలో ఉరుకుతూ పడిపోయాడు. తాళాలు పెట్టారు, లేచాడు. ఊళ్లో సూదులిచ్చే డాక్టరు ఫిట్స్ అని గోలీలు రాసిచ్చాడు. వాడు ఒక్క పూట కూడా మానకుండా వేసుకున్నాడు. మరుసటేడు కబడ్డీ ఆటలో కూతకు వెళ్లి, తిరిగి గీత దగ్గరికి వస్తూ పడిపోయాడు. మళ్లీ తాళాలే తెచ్చారు. అందరూ వాడి పిడికిలి పట్టుకున్నారు, ఛాతీ మీద ఎవరూ చెయ్యి వేసి నొక్కలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోయి ఎందుకు పోయాడో చూపిద్దామని బడి సారు అంటే, "నా కొడుకును కోయనియ్య" అని మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, శవం మీద పడి ఏడ్చింది. తెలియనందుకు నాకు ఎవరి మీదా కోపం లేదు. తెలుసుకోవద్దన్నారే, అందుకు కోపం.

తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకు కనబడలేదు, ఎందుకంటే జవాబు అప్పటికే దొరికింది. ఆ జవాబు మా మేనత్త. బాపుకు అక్క. భర్త పోయాక మా పక్క అర్రలోనే, అంటే గదిలోనే, ఉండేది. చెల్లె బావికి పోయే ముందు ఆమె కాల్చిచ్చిన మక్కకంకి తిన్నది. తమ్ముడు బడికి పోతూ ఆమె ఉడకబెట్టిన గెనుసుగడ్డ జేబులో వేసుకుపోయాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి ఊరికి? పైగా ఆమె ఒక్కగానొక్క కొడుకు కూడా చిన్నతనంలోనే, మేకపిల్ల వెంట గుట్ట మీదికి ఉరికి, అక్కడే పడి పోయాడట. "కన్నకొడుకునే తిన్నది, తమ్ముని పిల్లల్ని ఇడుస్తదా?" అన్నారు. మంత్రాలు పలకకుండా ఆమె పండ్లు పీకేస్తామని కొందరు బయలుదేరితే సర్పంచు అడ్డం నిలబడి ఆపాడు. ఆమె పండ్లు మిగిలాయి, పలకరించేవాళ్లు మిగల్లేదు. అవ్వ మధ్యలో గోడ పెట్టించింది. బాపు ఆ గోడకు మట్టి అందించాడు.

ఇప్పుడు నా బిడ్డ పడిపోయింది. మా అత్తగారు కొండగట్టు అంజన్న దగ్గరికి పోయి మొక్కుదామంది. నేను సరేనన్నాను. కొండగట్టు బస్సు జగిత్యాల మీదుగానే పోతుంది. ఆమె టికెట్లు కొండగట్టుకే తీసింది. నేను జగిత్యాలలో పిల్లను తీసుకుని దిగిపోయాను. కొబ్బరికాయల సంచి పట్టుకుని తిట్టుకుంటూ ఆమె కూడా దిగింది. "దేవుడు కొండ మీదనే ఉంటడు, యాడికి పోడు. ముందు దవాఖాన" అన్నాను. సాయంత్రం గుట్ట ఎక్కి మొక్కు కూడా చెల్లించామని ఇక్కడే చెప్పాలి. లేకపోతే మా అత్తగారు ఒప్పుకోదు.

జగిత్యాలలో గుండె డాక్టరమ్మ పిల్లను చూసి ఒకటే అడిగింది. "మీ ఇంట్ల చిన్న వయసుల ఎవరన్న ఉన్నట్టుండి పోయిన్రా?"

చెల్లె సంగతి చెప్పాను. తమ్ముడి సంగతి చెప్పాను. ఆమె చేతిలో పెన్ను కింద పెట్టింది. "ఇంకెవరన్న?" అంది. అప్పుడు నా నోటికి మేనత్త కొడుకు వచ్చాడు. ఇన్నేళ్లూ ఆ పిల్లవాణ్ణి ఆమె మీద నేరంగానే విన్నాను. ఇట్లాగే ఉన్నట్టుండి పోయిన మూడో పిల్లవాడిగా ఎప్పుడూ అనుకోలేదు.

ఒకే ఇంట్లో పిల్లలు ఇట్లా పోతే రెండు మూడు సంగతులు చూస్తామని ఆమె చెప్పింది. గుండె కండ మందం కావచ్చు. గుండెను కొట్టించే కరెంటులో లోపం కావచ్చు. నిజంగానే ఫిట్స్ కూడా కావచ్చు, వాటితోనూ ప్రాణం పోవచ్చు. పిల్ల గుండెను స్కాన్ చేసింది, కండ శుభ్రంగా ఉంది. తర్వాత ఛాతీకి తీగలు తగిలించి ఈసీజీ తీసింది. ఆ గీతలను చాలాసేపు చూసింది.

"ఒకసారి కొట్టుకున్నంక గుండె మళ్ల తయారు కావాలె. మీ బిడ్డ గుండెకు గా తయారయ్యే టైం ఎక్కువ పడుతున్నది. ఉరికినప్పుడు, ఈత కొట్టినప్పుడు లయ తప్పుతది. మెదడుకు రక్తం అందక పడిపోతరు, చేతులు కొట్టుకుంటయి. చూసేటోళ్లకు ఫిట్స్ లెక్కనే ఉంటది" అంది.

"మా తమ్ముణ్ని అప్పుడు కోసి చూస్తే తెలిసేదా మేడం?"

"చాలామట్టుకు తెల్వదు. గుండె చూడనీకె మంచిగనే కనబడుతది. గిది బతికున్నోళ్ల దగ్గర్నే దొరుకుతది."

ఆ మాట నన్ను కుర్చీలోంచి లేపింది. బతికున్నవాళ్ల దగ్గర దొరికేదాన్ని వదిలేసి మా వాళ్లు ఇన్నేళ్లూ గోడలు కట్టారు. డాక్టరమ్మ నన్ను కూడా బల్ల మీద పడుకోమంది. నా గీతల్లోనూ అదే ఉంది. తర్వాత హైదరాబాద్ పెద్ద డాక్టర్లు కూడా అదే అన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసేనట. మోస్తూ కూడా ఏమీ కాకుండా ముసలివాళ్లయ్యేవాళ్లు ఉంటారట. మాకది బాపు వైపునుంచే వచ్చింది, బాపు ఆ గుండెతోనే అన్ని తాళ్లెక్కాడు. రోజూ గోలీ వేసుకోవాలి. ఈత, పరుగుపందెం వద్దు. ఏ జబ్బుకైనా మందు వేసుకునే ముందు మాకీ లోపం ఉందని డాక్టరుకు చెప్పాలి. ఎవరైనా పడిపోయి ఊపిరి ఆడకపోతే 108కు ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉండాలి. పరుగుపందెం వద్దన్నందుకు నా బిడ్డ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నా పోలికే.

ముందు మేనత్త దగ్గరికి పోయాను. చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. "నీ కొడుకుది, మా చెల్లెది, తమ్మునిది ఒకటే బీమారి అత్తా. మంత్రం గాదు, మన్ను గాదు. రక్తంల అచ్చింది" అన్నాను. ఆమె ఇంకొక గింజ తీసి పక్కన పెట్టింది.

"మరి గా రక్తం నాది గాదా బిడ్డా?" అంది.

ఇన్నేళ్లు అందరూ వేసిన నింద ఆమెలోకి ఎంత లోతుకు దిగిందో అప్పుడు తెలిసి నాకు ఏడుపొచ్చింది. "బాపుది గూడ, నాది గూడ. నన్ను గూడ మంత్రగత్తె అంటవా?" అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. పండ్లన్నీ ఉన్నాయి.

మిగిలింది చిన్నబాపు ఇల్లు. మా బాపు తమ్ముడు, సిరిసిల్లలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. ఆయనకు ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. పిల్లలకు ఈసీజీ తీయించమని ఫోన్ చేస్తే "చూద్దాం" అన్నాడు. మళ్లీ చేస్తే "పిల్లకు సంబంధం నడుస్తున్నది, గిప్పుడు గీ ముచ్చట ఎత్తకు" అన్నాడు. అవ్వ కూడా ఆయన వైపే మాట్లాడింది. "నలుగురికి తెలిస్తే మన ఇంటి పిల్లను ఎవలు చేసుకుంటరే?" అంది. ఆమె ఇద్దరిని పోగొట్టుకున్న తల్లి. మూడో ఇంట్లో అదే జరగవచ్చంటే ఆమెకు ముందు పెండ్లే గుర్తొచ్చింది.

మా ఆయన సెలవు మీద రాగానే అవ్వ నాకు ఒడిబియ్యం పోస్తానని రోజు పెట్టింది. తల్లిగారింట్లో ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు కొంగులో పోస్తారు. ఆ బియ్యం తెచ్చి అత్తగారింట్లో వండి నలుగురికి పెట్టాలి. అది తల్లిగారింటికీ చలువ, బిడ్డకూ చలువ. వద్దన్న ఆడపిల్లను మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

చుట్టాలందరూ వచ్చారు. చిన్నబాపు కుటుంబం సిరిసిల్ల నుంచి వచ్చింది. కొత్త చీర కట్టుకుని మా ఆయన పక్కన పీట మీద కూర్చున్నాను. అవ్వ దోసిలి నింపుకుని వంగింది. నేను కొంగు మూసేశాను.

"చిన్నబాపూ, పిల్లలను జగిత్యాల ఎప్పుడు తీసుకపోతవ్?"

"గిప్పుడు గది అడిగే టైమా?" అన్నాడాయన.

"గిప్పుడే. సాంచె ఇనుము మంచిగనే ఉంటది, కరెంటు ఎక్కువ తక్కువైతే దారం తెగుతది. నీకంటే ఎవలకు ఎరుక? గా ఇద్దరి గుండెల కరెంటు చూపియ్యమంటున్న."

"రోగమున్నదని తెలిస్తే పిల్ల పెండ్లి ఎట్లయితది?"

"మా చెల్లె బతికుంటే దానికి గూడ పెండ్లయ్యేటిది. దానికొక సంబంధం చూడు చిన్నబాపూ. ఎవలు చేసుకుంటరో నేను గూడ చూస్త."

ఎవరో "శుభం పూట గవేం మాటలు" అన్నారు. శుభమే, అందుకే అడుగుతున్నానన్నాను. పిల్లలకు పరీక్ష అయ్యేదాకా ఈ ఇంటి బియ్యం ఒడిలో పోయించుకోనన్నాను. ఇంకొక మాట కూడా అన్నాను. పోసిన రోజు మొదటి దోసిలి మేనత్తది కావాలన్నాను. అవ్వ చేతుల్లోని బియ్యం పళ్లెంలోకి జారిపోయాయి. ఆమె ఏడ్చింది. నేను లేచి వచ్చేశాను.

తల్లిగారింటి నుంచి వట్టి ఒడితో వచ్చినదాన్ని నేను. రుద్రంగి దాటాక మా ఆయన బండి ఆపాడు. "చాయ్ తాగుదామా?" అన్నాడు. ఆయన మంచివాడు. ఊళ్లో మాత్రం నన్ను పొగరుబోతు అన్నారు, చదువు తలకెక్కిందన్నారు. అననీ అనుకున్నాను. మేనత్త అంతకన్నా పెద్ద మాటలు పడి బతికింది.

చిన్నబాపు రాలేదు. చిన్నమ్మ వచ్చింది, ఆయనకు చెప్పకుండా పిల్లలిద్దరినీ బస్సెక్కించుకుని. చిన్నపిల్లకు ఏమీ లేదు. పెద్దపిల్లకు ఉంది. జగిత్యాల దవాఖాన మెట్ల మీద ఆ తల్లి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కానీ నాకు లోపల సంతోషం కూడా ఉంది, ఎందుకు దాచాలి? బతికున్న పిల్లలో దొరికింది.

ఆ సంబంధం తప్పిపోయింది. దాచిపెట్టి చేయడానికి పిల్లే ఒప్పుకోలేదు, వాళ్లకు తానే ఫోన్ చేసి చెప్పింది. చిన్నబాపు చాలా రోజులు నా పేరెత్తలేదు. ఆ పిల్ల మాత్రం రోజూ పొద్దున నాకు మెసేజ్ పెడుతుంది, "అక్కా, గోలీ ఏసుకున్న" అని. "నేను గూడ" అని పెడతాను.

మళ్లీ ఒడిబియ్యం రోజు పెట్టింది అవ్వే. ఈసారి ఎక్కువమందిని పిలవలేదు. నేను పీట మీద కూర్చున్నాను. అవ్వ బియ్యం పళ్లెం ఎత్తుకుని నా దగ్గరికి రాలేదు, గోడ చుట్టూ తిరిగి పక్క అర్ర గడప ముందు నిలబడింది. "రా వదినె" అంది. ఆ గోడ లేచాక వాళ్లిద్దరి మధ్య అదే మొదటి మాట.

మేనత్త వచ్చింది కానీ బియ్యం ముట్టలేదు. "మొగడు లేనిదాన్ని, నేను పోయద్దు బిడ్డా" అంది.

"నీ చేతి బియ్యమే కావాలె" అన్నాను.

దోసిలి నింపుకుంది. "గిది నీకు" అని పోసింది. మళ్లీ నింపుకుని "గిది నీ బిడ్డకు" అంది. తర్వాత ఆగకుండా, బాపూ, అవ్వా, చిన్నబాపూ అందరూ వింటుండగా పోసింది. "గిది నీ చెల్లెకు. గిది నీ తమ్మునికి." చివరి దోసిలి మిగతావాటికన్నా నిండుగా నింపుకుంది.

"గిది నా కొడుకుకు" అంది.

అవ్వ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేను కొంగు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. ఒక్క గింజ కింద పడనివ్వలేదు.