గులాబ్‌బీ ఊడ్వని మూడు రోజులు

జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డు పల్లెలోని గ్రామీణ బ్యాంకులో గులాబ్‌బీ ముప్పై రెండేండ్లుగా ఊడుస్తోంది. ఆమె కండ్ల ముందే బ్యాంకు బోర్డు రెండుసార్లు మారింది, పద్నాలుగు మంది మేనేజర్లు మారారు. ఆమె మాత్రం చేరిన రోజూ టెంపరరీనే, ఇప్పుడూ టెంపరరీనే.

ఈమధ్య ఆ బ్యాంకును ఇంకొన్ని బ్యాంకులతో కలిపేశారు. పాతపేరు పోయే ముందు ప్రొద్దుటూరులో పెద్ద సభ పెట్టి, బ్యాంకు చరిత్రను పుస్తకంగా అచ్చేసి పంచారు. సభలో కుర్చీలు తుడవడానికి పోయిన గులాబ్‌బీ తానూ ఒకటి తెచ్చుకుని, మనవరాలు జువేరియాతో చదివించుకుంది.

"'పెన్న పొంగిన రోజు అప్పటి మేనేజరు ప్రాణాలకు తెగించి, నూటెనభై మంది రైతుల పాసుపుస్తకాలను కాపాడినారు' అని ఉంది నానీ."

గులాబ్‌బీ చేతిలోని చాటను నేలకేసి కొట్టింది. "ఆయప్ప ఆ పొద్దు యాడుండాడు? పులివెందులలో అత్తగారింట్లో ఉండె!"

నిజమే. ఆ పొద్దున నీళ్లు గడప దాటేసరికి బ్యాంకులో ఉన్నది ఆమె ఒక్కతే. ఎదురింటి నుంచి రోకలి తెచ్చి బీరువా తాళం పగలగొట్టింది. రైతులు అప్పులకు తాకట్టు పెట్టిన పొలాల పాసుపుస్తకాలన్నీ గోనెసంచులకెత్తి, నడుం లోతు నీళ్లలో తొమ్మిదిసార్లు మిద్దె ఎక్కి దిగింది. రెండు రోజులు తిండి లేకుండా ఆ సంచుల పక్కనే కూర్చుంది. మూడోనాడు ట్రాక్టరెక్కి వచ్చిన మేనేజరు అడిగిన మొదటి మాట, "ఎవర్నడిగి తాళం పగలగొట్టినావు?" అని. ఆ మాటను ఇన్నేండ్లూ దిగమింగుకుంది. ఈసారి మింగబుద్ధి కాలేదు.

మరునాటి నుంచి పనికి పోలేదు. మూడో రోజు ఇప్పటి మేనేజరు రవిశంకర్ బండేసుకుని ఇంటికే వచ్చాడు.

"ఏందమ్మా, పానం బాగలేదా? ఆఫీసంతా దుమ్ము కొట్టుకుపోయింది."

"పానం బాగనే ఉంది సారూ. పుస్తకంలో పేరున్నోళ్లను పిలిచి ఊడ్పించుకోండి."

సంగతంతా విని అతను తల గోక్కున్నాడు. "అచ్చయిపోయినాయి కదమ్మా. మీకొక శాలువా కప్పిస్తాంలే."

"నాకు చలేస్తాందని చెప్పినానా?"

సాయంత్రానికి అతను ఒక సవరణ చీటీ టైపు కొట్టించి పంపాడు. జువేరియా చదివింది. 'వరదలో పాసుపుస్తకాలను కాపాడినది ఒక స్వీపరు.'

ఆ చీటీ పట్టుకుని తెల్లారి గులాబ్‌బీ బ్యాంకుకే నడిచింది. జనమంతా చూస్తుండగా కౌంటరు మీద దాన్ని చరిచింది. "ఒక స్వీపరంట! ముప్పై రెండేండ్లు హాజరు పుస్తకంలో నా పేరు పక్కన వేలిముద్ర ఏయించుకుంటిరే, ఇప్పుడా పేరు యాడికి పాయె?"

వరుసలో ముందున్న రైతు గఫూర్ కదల్లేదు. "మా పాసుపుస్తకం కూడా ఆ సంచుల్లోదే సారూ. ఆయమ్మ పేరు రాసేదాకా నేను పక్కకు జరగను." వెనకున్నోళ్లూ ఆలస్యమవుతోందని గొణగడం మానేశారు.

రవిశంకర్ అప్పటికప్పుడు ఇంకో చీటీ కొట్టించాడు. షేక్ గులాబ్‌బీ అని పేరు పెట్టి, ముద్ర వేసి, బ్రాంచిలో మిగిలిన పుస్తకాలన్నిట్లోనూ అంటించాడు. ఆమె ఒక్కొక్కటీ తెరిపించి చూసింది. ఆ తర్వాతే చీపురు అందుకుంది.

ప్రొద్దుటూరు సభలో పంచేసిన పుస్తకాల్లో మాత్రం ఇప్పటికీ ఆ మేనేజరే వరదలో ఈదుతున్నాడు. అది తలచుకున్నప్పుడల్లా గులాబ్‌బీకి ఒళ్లు మండుతుంది. "పోనీలేమ్మా, కొన్నిట్లోనన్నా పడింది కదా" అంటే, అన్నవాళ్ల మీద కూడా లేస్తుంది.